జూన్ నెల సరుకుల ఖర్చు సగానికి తగ్గించాలి: ముందు ఇంట్లో ఉన్నవి వాడేద్దామనుకుంటున్నాం, సలహా చెప్పండి

ఇజీనగరం కోడలు
జూన్ 2, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. 12న బడులు తెరుస్తున్నారు. ఇద్దరు పిల్లల ఫీజులు, పుస్తకాలు, బూట్లు ఒక్కసారే మీద పడ్డాయి. ఎక్కడ తగ్గించాలా అని మావారు, నేను రెండు రాత్రుళ్ళు కూర్చుని లెక్క రాసుకున్నాం. అద్దె తగ్గదు, కరెంటు తగ్గదు, అత్తయ్య మందులు ఆపలేం. మా చేతిలో ఉన్నది వంటింటి ఖర్చు ఒక్కటే అని తేలింది. ఇంట్లో అయిదుగురం. బియ్యం, పాలు, గ్యాసు కాకుండా సరుకులకీ కూరగాయలకీ నెలకి 9,200 రూపాయలు అవుతోంది. ఈ నెల 4,500లో గడపాలని పట్టుదలగా ఉన్నాం.

నిన్న మధ్యాహ్నం అత్తయ్య, నేను అటక మీదవీ అలమరలోవీ డబ్బాలన్నీ కిందికి దించాం. ఆవాలు మూడు పేకెట్లు, మూడూ కత్తిరించి రబ్బరు బ్యాండు వేసినవే. సేమియా సగం సగం పేకెట్లు నాలుగు. పెసలు కిలో. చోడిపిండి, అదే రాగిపిండి, ఒక డబ్బా. కిందటేడాది మామిడి ఒరుగులు ఒక సీసా నిండా, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, నువ్వులు, బెల్లం, పాత చింతపండు, దాని మీద మళ్ళీ కొన్న కొత్త చింతపండు. వేరుశనగ గుళ్ళు అరకిలో. బొంబాయి రవ్వ కిలోన్నర, అందులో పురుగు కనిపించింది. పాత ఆవకాయ జాడీ అడుగున ముక్కల్లేని పిండి, నూనె. ఫ్రిజ్‌లో కోసి వదిలేసిన సొరకాయ చెక్క, పులిసిన దోసెల పిండి.

అన్నిటికంటే వెనకాల, గుడ్డమూటలో రెండు కిలోల ఉలవలు. సంక్రాంతికి పాలకొండ దగ్గర మా ఊరి నుంచి నాన్న తెచ్చినవి. ముడి విప్పనేలేదు. అత్తయ్య ఆ మూట ఒళ్ళో పెట్టుకుని, "మీ నాన్న ఈ వయసులో బస్సులో మోసుకొచ్చాడమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

వీటిలో ముందు ఏవి వాడాలి? పురుగు పట్టిన రవ్వ వాడొచ్చా, పారేయాలా? ఉలవలంటే మా పిల్లలు మొహం తిప్పుకుంటారు, ఏం చేసి పెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.


బొబ్బిలి మామ్మ
జూన్ 3, ఉదయం 6:15

అమ్మా కోడలా, ముందు వంట మాట పక్కన పెట్టి ఎండ సంగతి చూడు. రోహిణి కార్తె ఇంకా నాలుగైదు రోజులే ఉంది. మృగశిర వచ్చి తొలకరి పడ్డాదంటే గాలికి తేమొచ్చీసి, బాగున్న పప్పులకీ పురుగు పట్టీస్తాది. ఉలవలు, పెసలు, నువ్వులు, వడియాలు, ఒరుగులు అన్నీ ఇవాళే డాబా మీద పాత చీర పరిచి పోసీ. రెండు ఎండలు చాలు. పొద్దు వాలకముందే దించీసి, గదిలో వేడి చల్లారనిచ్చి, ఆ తరవాతే డబ్బాకెత్తు. వేడిమీద మూత పెడితే లోపల చెమట పట్టి ముక్కిపోతాయి. డబ్బాలో నాలుగు ఎండు మిరపకాయలో, నీడన ఎండిన వేపాకో వెయ్యి.

ఉలవలు ఒక గ్లాసు రాత్రి నానబోసి పొద్దున్న ఆరు గ్లాసుల నీళ్ళతో ఉడికించు. కుక్కరైతే ఆరేడు కూతలు రావాలి. ఆ నీళ్ళు వార్చి చారుకి తీసుకో. పాత చింతపండు, చిన్న బెల్లం ముక్క, ఇంగువ పోపు. చిక్కగా మరిగాక రాత్రికి వెన్నపూస వేసుకు తింటే ఇంకో కూర అక్కరలేదు. గింజలు మిగిలాయి కదా, వాటిలో సగం గుగ్గిళ్ళు పోపెయ్యి, సాయంత్రం పిల్లలొచ్చాక కొబ్బరి కోరు జల్లి పెట్టు. మిగతా సగం వెల్లుల్లి, ఎండు మిరపకాయలు, చింతపండు వేసి రుబ్బు. మర్నాటికి పచ్చడి. గ్లాసు ఉలవలకి మూడు పూటలు గడిచాయి.

ఆవాలు మూడు పేకెట్లున్నాయన్నావు. మన ప్రాంతంలో పుట్టి ఆవాలు ఎలా ఖర్చుపెట్టాలో అడక్కూడదమ్మా. ఇప్పుడు పనస రోజులు. సాలూరు వేపు నుంచి, సీతంపేట వేపు నుంచి బండ్ల మీద వస్తున్నాయి. పండు తిన్నాక గింజలు పారీకు. ఉడకబెట్టి, పైన తెల్ల తొక్క ఒలిచి, చింతపండు పులుసులో మగ్గించి ఆవ పెట్టు. ఆవాలు, రెండు ఎండు మిరపకాయలు, చిటికెడు ఉప్పు మెత్తగా నూరి, కూర పొయ్యి మీంచి దించాక కలపాలి. పొయ్యి మీదుండగా కలిపావంటే చేదొచ్చీస్తాది. అరటికాయకైనా, కందకైనా అంతే.

పులిసిన పిండిలో కొంచెం బియ్యప్పిండి, ఉల్లిపాయ వేసి పునుగులు వేసీ. సొరకాయ చెక్క ఇవాళే దప్పళంలో వేసీ, రేపటికి ఉండదు అది.


నాగావళి గట్టు
జూన్ 3, ఉదయం 8:02

నేను శ్రీకాకుళంలో రూమ్ తీసుకుని ఒక్కణ్ణే వండుకుంటాను. కుటుంబాల సంగతి నాకంత తెలీదు గానీ ఒక్క పద్ధతి మాత్రం నాకు బాగా పనికొచ్చింది అక్కా. అలమర తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించాను. ఏది ఎంత ఉందో అందులో రాసి ఉంటుంది. వాడినప్పుడల్లా కొట్టేస్తాను. కొట్టుకి వెళ్ళేముందు ఆ కాగితం ఫోనుతో ఫోటో తీసుకుంటాను. అంతకుముందు నెలకి రెండుసార్లు ఇంట్లో ఉన్న సరుకే మళ్ళీ కొనేవాణ్ణి, మీ ఆవాల్లాగే. ముందు ఏది వాడాలి అన్నారు కదా, నా లెక్క ఇది: కోసినవీ వండినవీ ఇవాళ. తేమ ఉన్నవి, అంటే కూరలు, పెరుగు, పిండి, ఈ వారం. మూత తీసిన పేకెట్లు ఈ నెల. మూత తీయనివి ఆ తరవాత.


టెక్కలి టీచరమ్మ
జూన్ 3, మధ్యాహ్నం 1:40

బడిలో సైన్సు చెప్తాను కాబట్టి పురుగు సంగతి నేను చెప్తాను.

రవ్వలో చిన్న పెంకు పురుగులు మాత్రమే కనిపిస్తే జల్లించి, పళ్ళెంలో పల్చగా పోసి ఎండలో పెట్టండి. పురుగులు వాటంతటవే పోతాయి. తరవాత మళ్ళీ జల్లించి, మూకుట్లో దోరగా వేయించి డబ్బాకెత్తుకోండి. పదిరోజుల్లో ఉప్మా, రవ్వదోసె చేసి ముగించేయండి. అలా కాకుండా సాలెగూడులాంటి దారాలు, ఉండలు, చేదు వాసన ఉంటే మాత్రం పనికిరాదు. కిలోన్నర రవ్వ అని ఆశపడొద్దు. ఇకమీదట రవ్వ, శనగపిండి తెచ్చిన రోజునే డీప్ ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంచి తీస్తే లోపలి గుడ్లు చనిపోతాయి.

మీ చిట్టాలో నాకు భయం వేసింది వేరుశనగ గుళ్ళ దగ్గర. అవి ఒక్కొక్కటీ చేత్తో చూడండి. ముడుచుకున్నవి, రంగు మారినవి, పచ్చగానో నల్లగానో బూజు తగిలినవి, నోట్లో వేస్తే చేదుగా ఉన్నవి ఉంటే అర్థాకలితో ఉన్నా తినొద్దు. ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. మామూలు వంట వేడికి, వేయింపుకి అది పూర్తిగా పోదు. కాలేయానికి చెరుపు. బూజు పట్టిన గుళ్ళు ఏరేసి మిగతావి వాడదామని కూడా అనుకోవద్దు. అరకిలో గుళ్ళ ఖరీదు ఎంత, ఆసుపత్రి ఖరీదు ఎంత? ఊరగాయ మీద బూజు కట్టినా అదే మాట.

మిగిలిన అన్నం గురించి ఎవరో ఒకరు రాస్తారు కాబట్టి ముందే చెప్తున్నాను. అన్నం ఉడికినా చావని బీజాలు కొన్ని బియ్యంలో ఉంటాయి. బేసిల్లస్ సీరియస్ అంటారు. వండిన అన్నం గంటలకొద్దీ వెచ్చగా బయటే ఉంటే అవి పెరిగి విషాన్ని వదులుతాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం చావదు. అందుకని మిగులుతుందనిపిస్తే రెండు గంటల్లోపు పళ్ళెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు ఒక్కసారే బాగా వేడిచేసి, పులిహోరో ఇంకోటో చేసి ముగించండి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదికలో మన దేశంలో ఇళ్ళల్లో మనిషికి ఏడాదికి 55 కిలోల తిండి చెత్తలోకి పోతోందని అంచనా వేశారు. తొక్కలు, ఎముకలు కూడా కలిపిన లెక్క అది. అయినా అయిదుగురున్న ఇంటికి 275 కిలోలు. మీరు డబ్బాలు దించి చూడటం చాలా మంచి పని.


బొబ్బిలి మామ్మ
జూన్ 3, సాయంత్రం 5:30

టీచరమ్మా, నువ్వు చదువుకున్నదానివి, కాదనను. కానీ చద్దన్నం తిని పెరిగిన ఒళ్ళు ఇది. మా అత్తగారింట్లో తరవాణి కుండ ఒక మూల ఎప్పుడూ ఉండేది. గంజి, బియ్యం కడిగిన నీళ్ళు అందులో పోసి పులియబెట్టి, రాత్రి మిగిలిన అన్నం ఆ పుల్లటి నీళ్ళలో వేసేవారు. పొద్దున్నే పొలం వెళ్ళేవాళ్ళకి అందులోంచి తీసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకోడానికి ఇచ్చేవారు. ఎండలో పనిచేసినా సొమ్మసిల్లేవారు కాదు. అన్నం చల్లారగానే నీళ్ళలో పడాలి, కుండ రోజూ కడిగి ఎండబెట్టాలి, మధ్యాహ్నానికి ఉంచకూడదు. ఈ మూడూ మా అత్తగారు తప్పనిచ్చేది కాదు.


టెక్కలి టీచరమ్మ
జూన్ 3, రాత్రి 7:10

మామ్మగారూ, మీరు చెప్పిన మూడు షరతుల్లోనే నా మాట ఉంది. పులుపెక్కిన నీళ్ళలో చెడ్డ సూక్ష్మజీవులు అంత తేలిగ్గా పెరగలేవు. నేను భయపడేది కుక్కర్లోనే రాత్రంతా మూతపెట్టి వదిలేసిన పొడన్నం గురించి. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో జరిగేది అదే. చంటిపిల్లలకీ, ఒంట్లో బాగులేనివాళ్ళకీ మాత్రం చద్దన్నం వద్దని నా మనవి.


రాజాం కొట్టు
జూన్ 3, రాత్రి 10:25

మాది కిరాణా కొట్టు. నాన్నగారి కాలం నుంచీ ఉంది. ఇలా రాస్తే నా వ్యాపారానికి నష్టం అంటారేమో, పర్వాలేదు. ఖాతా తీర్చలేక మొహం చాటేసే ఇల్లు కంటే తక్కువ కొని నిలకడగా వచ్చే ఇల్లే నాకు మేలు.

నాకు రోజూ కనిపించేది చెప్తాను. ఒకటో తారీఖున వాట్సాప్‌లో పోయిన నెల చీటీయే మళ్ళీ వస్తుంది, "ఇవే పంపండి" అని. డబ్బాలో ఏముందో చూసి రాసిన చీటీ పదింటికి రెండు కూడా ఉండదు. జీలకర్ర, ఆవాలు, మెంతులు, పసుపు, ధనియాలపొడి, ఇవి ఏ ఇంట్లోనూ నెలకి ఒక పేకెట్ అవ్వవు. అయినా అలవాటుగా వెళ్తూనే ఉంటాయి. ఒక్కొక్కటీ చిన్న మొత్తమే. నెల తిరిగేసరికి మూడు నాలుగు వందలు.

కొట్లో మేం సరుకు ఎలా సర్దుతామో ఇంట్లోనూ అలాగే సర్దండి. కొత్త బస్తా వెనక్కి, పాత బస్తా ముందుకి. ఇళ్ళల్లో దీనికి తిరగబడి జరుగుతుంది. కొత్త పప్పు పాత పప్పు మీదే పోస్తారు. అడుగున ఉన్నది ఏడాది దాటినా అక్కడే ఉంటుంది, పురుగు అక్కడ మొదలై పైకి వస్తుంది. డబ్బా పూర్తిగా ఖాళీచేసి, తుడిచి, ఎండబెట్టి, అప్పుడు కొత్తది పోసి పాతది మీద పోయాలి.

పేకెట్ మీద తారీఖు గురించి కూడా. "బెస్ట్ బిఫోర్" అని ఉంటే అది రుచీ నాణ్యతా పూర్తిగా ఉండే గడువు. దాటిన మర్నాడే విషం అయిపోదు. సేమియాలాంటి పొడి సరుకైతే వాసన చూసి, పురుగు చూసి వాడుకోవచ్చు. "యూజ్ బై", "ఎక్స్‌పైరీ" అని ఉంటే మాత్రం దాటాక ముట్టొద్దు. పొంగిన డబ్బా, గాలి ఉబ్బిన పెరుగు పేకెట్ ఎవరిచ్చినా తీసుకోవద్దు.

బియ్యం మీరు లెక్కలోంచి తీసేశారు గానీ ఒక మాట. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు పేరు అచ్చేసి కట్టిన బియ్యం సంచికి 5 శాతం జీఎస్టీ పడుతోంది. 26 కిలోల సంచులు అందుకే వచ్చాయి. సంచి మీద బరువు చూసి కొనండి. మన రాగోలు పరిశోధన స్థానంలో పుట్టిన శ్రీకాకుళం సన్నాలు దొరికితే ఇంటి అన్నానికి బాగుంటాయి. పేరున్న రకమే కావాలని ఎక్కువ పెట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

చివరిగా, పిల్లల్ని కొట్టుకి పంపేటప్పుడు చీటీ ఇచ్చి పంపండి. చీటీ లేకుండా వచ్చిన పిల్లాడి చేతిలో సరుకు కంటే చిరుతిళ్ళ పేకెట్లే ఎక్కువుంటాయి.


ఇజీనగరం కోడలు
జూన్ 5, రాత్రి 9:15

అందరికీ రెండు చేతులూ జోడించి నమస్కారం. మామ్మగారూ, మీరు చెప్పినట్టే రెండు ఎండలు పెట్టాం. రవ్వలో దారాలు లేవు, జల్లించి వేయించాను. వేరుశనగ గుళ్ళు వెలుతురులో పళ్ళెంలో పరిచి చూస్తే పదిపదిహేను గింజలకి మొలక దగ్గర పచ్చటి పొడి ఉంది. టీచరమ్మగారు రాయకపోతే అవి ఏరేసి మిగతావి పచ్చడి చేసేసేదాన్ని. మొత్తం పారేశాను. పారేస్తుంటే చెయ్యి రాలేదు, అయినా పారేశాను.

ఉలవచారు మొదటిరోజు పెద్దాడు ముట్టుకోలేదు. గుగ్గిళ్ళు మాత్రం బొరుగులతో కలిపి, నిమ్మకాయ పిండి పొట్లం కట్టి ఇస్తే ఇద్దరూ డాబా మీద కూర్చుని తినేశారు. రెండో రోజు చారు వేడిగా అన్నంలో పోసి, పైన గుమ్మడి వడియాలు వేయించి పెట్టాను. చిన్నది మళ్ళీ పోయమంది.

ఆవకాయ జాడీ అడుగున ఉన్న పిండిలో వేడన్నం వేసి అత్తయ్య చేత్తో కలిపి అందరికీ ముద్దలు పెట్టారు. జాడీ కడిగే పనే మిగల్లేదు. మామిడి ఒరుగులు పెసరపప్పులో వేశాను. చింతపండుతో పని లేకుండా పులుపు సరిపోయింది. ఒక్క ప్రశ్న: చోడిపిండి ఆరు నెలల పాతది, చేదు వాసన లేదు. అంబలి ఎలా కాస్తే పిల్లలు తాగుతారు?


ఆమదాలవలస నుంచి
జూన్ 6, ఉదయం 7:45

మా ఇంట్లో అలా మూలనపడి ఉన్నది రేషన్ బియ్యం. ఇరవై కిలోల దాకా ఉన్నాయి. కడిగేటప్పుడు కొన్ని గింజలు నీళ్ళమీద తేలుతున్నాయి, రంగు కూడా కాస్త తేడాగా ఉంది. ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారని వీధిలో అందరూ అంటే మా ఆవిడ వండటం మానేసింది. పక్కింటివాళ్ళు కోళ్ళకి వేసేస్తున్నారు. ఇవి తినొచ్చా?


టెక్కలి టీచరమ్మ
జూన్ 6, మధ్యాహ్నం 1:05

అన్నయ్యగారూ, దయచేసి పారేయకండి. అవి ప్లాస్టిక్ కాదు. రేషన్ బియ్యంలో కలుపుతూ వచ్చిన బలవర్ధక గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, మరమీద గింజ ఆకారంలో తీసి, వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారు. చేసిన పద్ధతి వేరు కాబట్టి తేలుతాయి, రంగు తేడా ఉంటుంది. మా బడిలో సగంమంది ఆడపిల్లలు కళ్ళు పాలిపోయి కనిపిస్తారు. వాళ్ళకోసమే పెట్టిన గింజల్ని ఏరి పారేస్తున్నారంటే ప్రాణం ఉసూరుమంటుంది. నాలుగైదుసార్లు కడగొద్దు, ఒకటి రెండుసార్లు చాలు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి. అన్నం నచ్చకపోతే దోసెలకీ ఇడ్లీ రవ్వకీ వాడుకోండి, దోసె కరకరలాడుతుంది.


బొబ్బిలి మామ్మ
జూన్ 6, సాయంత్రం 4:50

కోడలా, అంబలికి పిండి రాత్రే నీళ్ళలో కలిపి మూతపెట్టు. పొద్దున్నకి పులుపు వాసనొస్తాది. గుప్పెడు నూకలు ముందు ఉడికించి, అవి మెత్తబడ్డాక ఈ పిండి నీళ్ళు పోసి, కలుపుతూ సన్నసెగ మీద కాయి. గరిటెకి పట్టీ పట్టనట్టు జారాలి. చల్లార్చి చిలికిన మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ. పిల్లలకి వేడిమీద బెల్లం వేసి ఇచ్చి చూడు. పులిసిన రుచి వాళ్ళకి నాలుగు రోజులు పోయాక అలవాటవుతాది.


కళింగపట్నం తీరం
జూన్ 7, రాత్రి 8:20

మాది బెస్త కుటుంబం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని ఆపుతారు. ఈ రెండు నెలలూ సంతలో పచ్చిచేప ధర మండిపోతుంది. మా ఇళ్ళల్లో ఈ రోజులకోసమే ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు దాస్తాం. మాంసాహారం తినేవాళ్ళు ఇంట్లో ఎండుచేప ఉందేమో వెతకండి, చాలామంది కొని డబ్బాలో మర్చిపోతారు. గుప్పెడు ఎండు నెత్తళ్ళు తలలు తుంచి, వేడినీళ్ళలో రెండుమూడుసార్లు కడిగి, వంకాయ పులుసులో వేస్తే అయిదుగురికి రెండు పూటలు. గోంగూరలో ఎండు రొయ్యలు వేసినా అంతే. మెత్తబడి, తెల్లబూజు కట్టి, ఘాటు మారిన ఎండుచేప మాత్రం ఎండబెట్టినా బాగవ్వదు. 15 తరవాత కొన్నాళ్ళు పోనిచ్చి పచ్చిచేప కొనండి, ధర దిగుతుంది.


పాతపట్నం ఆడపడుచు
జూన్ 8, రాత్రి 11:05

అన్నీ చదివాను. అందరూ మంచి మాటలే రాశారు. ఒక్కటి మాత్రం ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను.

మా అమ్మ జీవితమంతా ఇల్లు పొదుపుగా నడిపింది. ఊళ్ళో అందరూ మెచ్చుకునేవారు. ఆ పొదుపు ఎక్కడ జరిగేదో నాకు పెద్దయ్యాక తెలిసింది. నాన్నకీ మాకూ వేడన్నం, కొత్త కూర. నిన్నటి కూర, అడుగంటిన పప్పు, పొద్దుటి పుల్లట్లు అమ్మ కంచంలోకి. "పారేస్తే ఎలా, నేను తినేస్తాను" అనేది. గుడ్లు నాలుగే ఉంటే అమ్మకి లేదు. నలభై ఏళ్ళకే మెట్లెక్కితే ఆయాసం. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7. డాక్టరు "ఏం తింటున్నారమ్మా" అని అడిగితే అమ్మ దగ్గర జవాబు లేదు, పక్కనున్న మాకూ లేదు.

కోడలుగారూ, మీరు 4,500 అంకె పెట్టుకున్నారు. ఆ మిగులు మీ కంచంలోంచి రాకూడదు. మీ అత్తయ్యగారి కంచంలోంచి కూడా రాకూడదు. మిగిలింది ఏదైనా మర్నాడు అందరి కంచాల్లోకీ సమానంగా రావాలి, లేదా దాన్ని మార్చి అందరికీ వడ్డించాలి. ఎవరూ తినలేనిది ఆడమనిషీ తినక్కరలేదు. పాలూ గుడ్లూ పప్పూ తగ్గించొద్దు. మీరు తగ్గించుకోవలసింది రెండోసారి కొన్న ఆవాలు.


ఇజీనగరం కోడలు
జూన్ 9, ఉదయం 5:50

మీ ఉత్తరం రాత్రే చదివాను. నిద్ర పట్టలేదు. నిన్న రాత్రి నేనేం తిన్నానో గుర్తు చేసుకున్నాను. మొన్నటి దప్పళం అడుగు, కొంచెం అన్నం. ఎవరూ నన్ను తినమనలేదు, నాకు నేనే తిన్నాను.

పొద్దున్న అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఊరుకుని, "నాకూ అదే అలవాటు, నీకూ నేర్పేశాను" అన్నారు. ఈ రోజు నుంచి మిగిలిన కూర మొదట మావారి కంచంలోనూ పెద్దాడి కంచంలోనూ వడ్డిస్తాం, తరవాత మాకు. అందరం ఒకేసారి కూర్చుంటాం. గుడ్లు వారానికి ఇరవై రాస్తున్నాను, మనిషికి నాలుగు.


నాగావళి గట్టు
జూన్ 9, ఉదయం 9:30

ఇది చదివి మా అమ్మకి ఫోన్ చేశాను. ఏం తిన్నావని అడిగితే ముందు మాట దాటేసింది. ఈ ఆదివారం ఇంటికి వెళ్తున్నాను, వంట నేనే చేస్తాను.


ఇజీనగరం కోడలు
జూన్ 30, రాత్రి 10:10

నెల అయిపోయింది, లెక్క చెప్తాను. 4,500 అనుకున్నది 5,160 అయింది. కూరగాయలు, ఆకుకూరలు 2,150. నూనె 480. కందిపప్పు, మినపప్పు 620. గుడ్లు 540. సబ్బులు, బట్టల పౌడరు వగైరా 760. మావారి మేనత్తగారు వాళ్ళు నలుగురు వచ్చిన రోజు 610. ఆ ఖర్చు మీద నాకు చింత లేదు. ఇంటికొచ్చినవాళ్ళకి ఒరుగుల పప్పుతో సరిపెట్టలేం కదా. అక్టోబరులో పైడితల్లమ్మ సిరిమానుకి చుట్టాలు దిగితే ఈ లెక్క ఎలాగూ నిలవదు.

గుడ్లు ఎక్కువ రాయకపోతే ఇంకా దగ్గరికి వచ్చేదే, కానీ ఆ 540 నేను కావాలనే పెట్టాను. కిందటి నెలతో చూస్తే 4,040 తగ్గింది. చిన్నదాని పుస్తకాలు అందులోంచే కొన్నాం.

కుదరనివి కూడా రాస్తాను. చోడి అంబలి పెద్దాడు నెలంతా తాగలేదు. ఆ పిండితో బెల్లం వేసి రొట్టెలు కాలిస్తే తిన్నాడు. సేమియా పాత పేకెట్లలో ఒకటి ముక్కవాసన వచ్చి పారేశాను. రెండో వారంలో వాన పట్టుకుని మూడు రోజులు వదల్లేదు. ఆకుకూరలు రైతుబజారు నుంచి ఎక్కువ తెచ్చేసి రెండు కట్టలు కుళ్ళబెట్టాను. ఇప్పుడు రెండు రోజులకి సరిపడానే తెస్తున్నాను. బీరకాయ తొక్కు, సొరకాయ తొక్కు పచ్చళ్ళు మాత్రం ఇంట్లో అందరికీ నచ్చాయి. ముందు తొక్కులు కడిగి, నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, నువ్వులు వేసి రుబ్బుతున్నాను.

కొట్టన్నయ్య చెప్పినట్టు జూలై చీటీ అలమర ముందు నిలబడి రాశాను. పోయిన నెలల్లో ముప్పై రకాలుండేవి, ఈసారి పదమూడు వచ్చాయి. ఆవాలు ఇంకా ఒక పేకెట్ ఉంది.

ఉలవల్లో కిలో అయిపోయింది. నాన్నకి ఫోన్ చేసి మీ ఉలవలు తింటున్నామని చెప్పాను. "ఇంకో రెండు కిలోలు పంపనా" అన్నారు. ఇవి అయ్యాక చెప్తాను, అప్పటిదాకా మీరు తినండి అన్నాను.

మామ్మగారూ, మావారు నిన్న ఒక పెద్ద పనసపండు తెచ్చారు. గింజలు కిలో పైనే వచ్చాయి. వారంలో సగమే వండగలం. మిగతావి ఫ్రిజ్‌లో పెట్టనా, వేరే దారి ఉందా?


బొబ్బిలి మామ్మ
జూలై 1, ఉదయం 6:05

ఫ్రిజ్ వద్దమ్మా. జిగురు పోయేలాగ కడిగి, నీడన గాలికి రెండు రోజులు ఆరబెట్టు. తెల్ల తొక్క వొలవకు, అది ఉంటేనే నిలవుంటాయి. మట్టికుండలో పొడి ఇసుక ఒక వరస, గింజలు ఒక వరస పోసి, పైన ఇసుక కప్పీసి తడి తగలని మూల పెట్టు. వానాకాలమంతా తీసుకుని వండుకోవచ్చు. పిల్లలు అడిగితే నాలుగు గింజలు నిప్పుల్లో కాల్చి ఉప్పేసి ఇయ్యి.